శనివారం రాత్రి పుట్టిన బిడ్డకు సూది ఎవరు వేస్తారు?

రాయలసీమ జిల్లాల వైద్య ఆరోగ్య అధికారులకు, టీకాల కార్యక్రమం చూసే అధికారులకు, కాన్పుల వార్డుల్లో రాత్రింబవళ్లు పనిచేసే డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు

నమస్కారం.

నేను కర్నూలు జిల్లా ఆదోని డివిజన్‌లో ఒక పల్లె బడిలో టీచర్ని. లివర్‌ను పాడుచేసే హెపటైటిస్ బి వైరస్‌కు బిడ్డ పుట్టగానే వేయాల్సిన టీకా సెలవు రోజుల్లో పడడం లేదని ఇప్పటికి రెండుసార్లు అర్జీ పెట్టాను. మొదటిసారి రసీదు ఇచ్చారు. రెండోసారి, మీ సమస్య పరిష్కారమైంది అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందని అడుగుదామంటే చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే అందరూ చదివేటట్టు రాస్తున్నాను. మీ పని ఎంత కష్టమో కొంత తెలిసే రాస్తున్నాను. కోవిడ్ టీకాల రోజుల్లో ఏఎన్ఎంల పక్కన కూర్చుని పేర్లు రాసుకున్న టీచర్లలో నేనూ ఒకదాన్ని.

మా చెల్లెలు 2023 ఆగస్టు 12న, రెండో శనివారం, రాత్రి 9 గంటల 20 నిమిషాలకు మగబిడ్డను కనింది. ఏ ఆసుపత్రో రాయను. ఒక ఆసుపత్రిని బోనులో నిలబెట్టాలని ఈ లేఖ రాయడం లేదు. ఆ తర్వాత నేను మాట్లాడిన తల్లుల్లో వేరేచోట కాన్పయినవాళ్లు కూడా ఇదే మాట చెప్పారు కాబట్టి రాస్తున్నాను.

ఐదో నెలలో చేసిన రక్తపరీక్షలో మా చెల్లెలికి హెపటైటిస్ బి ఉందని తేలింది. కార్డు మీద ఎర్ర ఇంకుతో పాజిటివ్ అని రాశారు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా పడాలని, పాజిటివ్ తల్లి బిడ్డకైతే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో సూది కూడా వీలైతే 12 గంటల్లోపే వేయాలని అప్పటికే చదువుకున్నాను. బిడ్డను తుడిచి బట్టలో చుట్టి నా చేతికివ్వగానే సిస్టర్‌ను అడిగాను.

"టీకాల గది తాళం మా దగ్గర ఉండదమ్మా. ఈరోజు రెండో శనివారం, రేపు ఆదివారం. సోమవారం పొద్దున్నే వేయిస్తాం, మీరు టెన్షన్ పడొద్దు" అనింది.

ఆ సిస్టర్ మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి వార్డంతా ఆమె ఒక్కతే చూసుకుంటోంది. ఒక చేతిలో సెలైన్ సీసా, ఇంకో చేతిలో కేస్ షీట్లు. మందు ఉన్న ఫ్రిజ్ అదే బిల్డింగ్‌లో, వార్డుకు నాలుగు గదుల అవతల ఉంది. తలుపుకు తాళం వేసుంది. ఆ ఫ్రిజ్ మోత వరండాలో నిలబడితే వినబడుతుంది. ఆదివారం పగలంతా మా మరిది బండి వేసుకుని ఇమ్యునోగ్లోబులిన్ కోసం మెడికల్ షాపులన్నీ తిరిగాడు. దొరకలేదు. నేను గంటకోసారి వరండాలోకి పోయి ఆ తాళం చూసి వచ్చేదాన్ని.

సోమవారం పొద్దున గది తెరిచాక, "24 గంటలు దాటిపోయింది కదా, ఇంక ఈ సూది వేసేది లేదు" అన్నారు. బతిమాలుకున్నాం. చివరికి డాక్టరమ్మ వచ్చి, ఆలస్యమైనా సరే వేయడమే మంచిదని చెప్పి దగ్గరుండి వేయించింది. అప్పటికి 11 గంటలు. పుట్టినప్పటి నుంచి లెక్క వేస్తే 37 గంటల 40 నిమిషాలు. కార్డులో తేదీ రాశారు, గంట రాయలేదు.

ఆ తర్వాత 6, 10, 14 వారాలకు వేయాల్సిన పెంటావాలెంట్ (హెపటైటిస్ బి కూడా కలిసిన ఐదు జబ్బుల టీకా) సూదులు ఒక్కటీ తప్పకుండా వేయించాం. ఏడాది నిండాక, 2024 సెప్టెంబరులో, బిడ్డకు రక్తపరీక్ష చేయించాం. పాజిటివ్.

ఆ ఆలస్యం వల్లే వచ్చిందని ఏ డాక్టరూ ఖచ్చితంగా చెప్పలేరని నాకు తెలుసు. టైముకు వేసినా కొందరు బిడ్డలకు తల్లి నుంచి వైరస్ వస్తుంది, తల్లి రక్తంలో అది మరీ ఎక్కువగా ఉంటే. కానీ తప్పించుకోవడానికి ఆ బిడ్డకు ఒక దారి ఉండింది. ఆ దారికి తాళం వేసి ఉండింది. నేను చెప్పేది అంతే.

మా ఇంట్లో ఇది మొదటిసారి కూడా కాదు. మా అమ్మ 2008లో 46 ఏళ్లకే పోయింది. అంతకు నాలుగేళ్ల ముందు ఒకసారి ఆమెకు కళ్లు పచ్చబడ్డాయి. నాన్న పసరు పోసే ఊరికి తీసుకుపోయాడు. పరగడుపున పసరు తాగి, మూడు వారాలు ఉప్పూ కారం నూనె లేకుండా పత్యం చేసింది. కళ్లు తెల్లబడ్డాయి. కామెర్లు దిగిపోయాయని అందరం సంతోషపడ్డాం. 2008 ఎండాకాలంలో కడుపులో నీరు చేరింది, స్కానింగ్‌లో లివర్‌లో గడ్డ కనబడింది. మూడు నెలలు కూడా లేదు. ఆ కాగితాల్లో హెపటైటిస్ బి అని రాసి ఉంది. మీ పిల్లలకు పరీక్ష చేయించండి అని మాకు ఎవరూ చెప్పలేదు. 1996లో పుట్టిన మా చెల్లెలు ఆ వైరస్‌ను ఒంట్లో పెట్టుకునే బడికి పోయింది, డిగ్రీ చేసింది, పెళ్లి చేసుకుంది. ఒక్కరోజు కూడా జ్వరమని పడుకోలేదు. అవ్వ నుంచి తల్లికి, తల్లి నుంచి బిడ్డకు, మూడు తరాలు. మా అమ్మ మా చెల్లెల్ని కన్నప్పుడు ఈ టీకా మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో లేదు. మా చెల్లెలు కన్నప్పుడు నాలుగు గదుల అవతల ఉండింది.

ఇక ఈ టీకా ఏం చేయగలదో, మీకు తెలిసిందే అయినా, నలుగురూ చదువుతారు కాబట్టి రాస్తాను.

పుట్టేటప్పుడో, ఏడాదిలోపో ఈ వైరస్ ఎక్కితే పదిమంది బిడ్డల్లో దాదాపు తొమ్మిది మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. ఆరేళ్లలోపు ఎక్కితే పదిమందిలో ముగ్గురి నుంచి ఐదుగురిలో. అదే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఎక్కితే నూటికి ఐదుగురిలో కూడా ఉండదు, తక్కినవాళ్ల ఒంట్లోంచి దానంతట అదే పోతుంది. కాబట్టి ఒక ఊళ్లో వందమందికి ఎంతమందిలో ఈ వైరస్ ఉంటుందనేది చాలావరకు పసిబిడ్డల దగ్గరే తేలిపోతుంది. అలా చిన్నప్పుడే ఎక్కినవాళ్లే ముప్పై, నలభై ఏళ్లకు లివర్ గట్టిపడి, లివర్ క్యాన్సర్ వచ్చి, మా అమ్మలా ఆసుపత్రికి వస్తారు.

తైవాన్‌లో ఒకప్పుడు పిల్లల్లో నూటికి దాదాపు పదిమందికి ఈ వైరస్ ఉండేది. వాళ్లు 1984 జులైలో పాజిటివ్ తల్లుల బిడ్డలకు టీకా మొదలుపెట్టి, 1986కల్లా పుట్టిన ప్రతి బిడ్డకూ వేశారు. 1994లో రాజధాని తైపేలో పిల్లలకు పరీక్షలు చేస్తే నూటికి 1.3. పదేళ్లలో! ఇంకా పెద్ద విషయం ఏమిటంటే, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో లివర్ క్యాన్సర్ లక్షకు 0.70 ఉండేది 0.36కు వచ్చింది. ఒక టీకాతో ఒక క్యాన్సర్ సగానికి తగ్గింది. చైనాలో ఐదేళ్లలోపు పిల్లల్లో 1992లో నూటికి 9.7 ఉంటే 2014కు 0.3 అయింది. మనకు పక్కనే ఉన్న బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, వాటితోపాటు థాయిలాండ్ ఐదేళ్ల పిల్లల్లో ఈ వైరస్‌ను ఒక శాతం లోపుకు తెచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించింది.

అయితే చైనాలోనే 1 నుంచి 59 ఏళ్ల వాళ్లందరినీ కలిపి చూస్తే 1992లో 9.8 శాతం ఉన్నది 2006లో 7.2 శాతం దగ్గరే ఉంది. ఇది చూపించి టీకా పెద్దగా పనిచేయలేదు అనేవాళ్లు ఉంటారు. మన చెరువుల సంగతి తెలిసినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టం కాదు. వంకలో నీళ్లు ఆగిపోయినంత మాత్రాన చెరువు ఆ రోజే ఎండదు. పాత నీళ్లు ఉంటాయి. కొత్త నీళ్లు రావడం లేదని వంక దగ్గరికి పోయి చూస్తేనే తెలుస్తుంది. ఆ వంక కాన్పుల గది. ఆరో వారంలో వేసే పెంటావాలెంట్ మంచిదే, ఇంట్లోవాళ్ల నుంచి, తోటి పిల్లల నుంచి వచ్చేదాన్ని ఆపుతుంది. కానీ కాన్పు సమయంలో తల్లి రక్తం నుంచి ఎక్కిన వైరస్‌కు 42 రోజులు చాలా ఎక్కువ టైము. అప్పటికి అది బిడ్డ లివర్‌లో పాతుకుపోతుంది. మొదటి 24 గంటల సూదికి బదులు ఇంకోటి లేదు.

మనకు మందు కరువు కాదు. ఈ టీకా విదేశాల నుంచి వచ్చే రోజుల్లో ధర డబ్బున్నవాళ్లకే అందేది. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ, మన తెలుగువాడైన వరప్రసాద్ రెడ్డి గారి ఆధ్వర్యంలో, షాన్‌వ్యాక్-బి తెచ్చాక ధర నేలకు దిగింది. 2002లో దేశంలో కొన్ని జిల్లాల్లో, నగరాల్లో ఉచితంగా వేయడం మొదలైంది. 2007-08లో పది రాష్ట్రాలకు పెంచినప్పుడు అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది. 2011 నుంచి దేశమంతా వచ్చింది. మన రాష్ట్రంలో కాన్పులు 96.5 శాతం ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అడవిలో, కొండ మీద పుట్టిన బిడ్డకు టీకా అందలేదంటే కారణం ఉంటుంది. ఇక్కడ బిడ్డ పుట్టేదీ ఆసుపత్రిలోనే, మందు ఉండేదీ ఆసుపత్రిలోనే. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లు 2 కోట్ల 98 లక్షల మంది. చైనా తర్వాత మనమే.

ఇది సామాన్యుల ఇళ్లలో ఏం చేస్తోందో, దానికి మీరేం చేయాలని అడుగుతున్నానో ఒక్కొక్కటిగా రాస్తాను.

1. సెలవు రోజుల కాన్పులు. నేను లెక్కలు చెప్పే టీచర్ని, ఒక చిన్న లెక్క చూడండి. టీకాల గదికి శనివారం సాయంత్రం 4కు తాళం వేసి సోమవారం పొద్దున 9కి తీస్తే, శనివారం సాయంత్రం 4 నుంచి ఆదివారం పొద్దున 9 లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ 24 గంటలు దాటిపోతాయి. అది 17 గంటలు. రెండో శనివారం కూడా మూసి ఉంటే శుక్రవారం సాయంత్రం నుంచే మొదలవుతుంది, 41 గంటలు. సంక్రాంతికి, దసరాకు ఎన్ని గంటలవుతుందో మీరే వేసుకోండి. నొప్పులు క్యాలెండర్ చూసి రావు. హెపటైటిస్ బి టీకా, దాంతోపాటు పుట్టగానే వేయాల్సిన పోలియో చుక్కలు, కాన్పు గదిలోనే ఉండాలి. అక్కడే ఒక చిన్న ఫ్రిజ్, దాని తాళం డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు దగ్గర. బొడ్డు కోయడం, తూకం వేయడం, విటమిన్ కె సూది ఎలా కాన్పులో భాగమో, ఈ సూది కూడా అలాగే కావాలి. టీకాల విభాగం వచ్చి వేసే పనిగా ఇది మిగిలిపోకూడదు. ఈ టీకా ఎండకు చెడిపోతుందని భయపడేవాళ్లున్నారు. చల్లగా ఉంచాల్సిందే, కానీ వేడిని ఓర్చుకునే టీకాల్లో ఇది ఒకటి. దీనికి అసలు ప్రమాదం గడ్డకట్టడం. ఐస్‌కు ఆనించకుండా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం ఒక స్టాఫ్ నర్సుకు నేర్పలేని విద్య కాదు.

2. సీసా వృథా అవుతుందనే భయం. పది డోసుల సీసా, పుట్టింది ఒక్క బిడ్డ, తొమ్మిది డోసులు పారబోయాలా అని వెనకాడుతున్నారని ఒక పీహెచ్‌సీలో నాతో చెప్పారు. హెపటైటిస్ బి సీసాను తెరిచాక కూడా సరైన చల్లదనంలో ఉంచితే 28 రోజుల వరకు వాడొచ్చని మీ నిబంధనల్లోనే ఉంది. ఆ మాట కింద పనిచేసేవాళ్లకు గట్టిగా, రాతలో చెప్పండి. సీసా వృథా అయితే మెమో ఇస్తారనే భయం ఉన్నంతకాలం బిడ్డ వృథా అయినా ఎవరూ పట్టించుకోరు. ఈ మాట కఠినంగా ఉంటే క్షమించండి, కానీ వెనక్కి తీసుకోను.

3. పాజిటివ్ అని తేలిన తల్లులు. మా చెల్లెలి కార్డు మీద ఎర్ర ఇంకు రాత అందరికీ కనబడింది. మంచాన్ని మూలకు మార్చడానికి అది పనికొచ్చింది. కాన్పుకు ముందే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ తెప్పించి పెట్టుకోవడానికి పనికిరాలేదు. నాలుగు నెలల ముందే తెలిసిన విషయం ఇది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు, పాజిటివ్ తల్లుల బిడ్డలకు ఇమ్యునోగ్లోబులిన్ ఉచితంగా ఇవ్వాలి. బయట కొనాలంటే అది వేలల్లో ఉంటుంది, డబ్బు పట్టుకుని పోయినా దొరకదని మా మరిదికి తెలిసొచ్చింది. గర్భిణికి పాజిటివ్ వచ్చిన రోజే, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షకు పంపాలి. వైరస్ ఎక్కువగా ఉంటే 28వ వారం నుంచి టెనోఫోవిర్ మాత్ర మొదలుపెడితే బిడ్డకు వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. మా చెల్లెలికి మొదటి కాన్పులో ఈ పరీక్ష ఉందని కూడా ఎవరూ చెప్పలేదు. కాన్పు తేదీకి నెల ముందే ఆ తల్లి పేరు మీద సూదులు ఆ ఆసుపత్రిలో ఉండాలి.

4. సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయే కుటుంబాలు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆలూరు వైపు పనిచేసిన ఏ అధికారికైనా ఈ మాట తెలుసు. పంట చేతికి రాని ఏడాది ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు లారీల్లో, బొలెరోల్లో పోతారు. మా బడిలో హాజరుపట్టీ చూస్తే చాలు, ఏ వారంలో ఎన్ని కుటుంబాలు పోయాయో చెప్పొచ్చు. చంకలో పసిబిడ్డతో పోయే తల్లులు తక్కువేం కాదు. నవంబరులో పుట్టిన బిడ్డకు 10వ వారం, 14వ వారం వచ్చేసరికి ఆ తల్లి మిరపచేను గట్టున గుడిసెలో ఉంటుంది. కార్డు ఇక్కడ ఇంట్లో, గోడకు కట్టిన సంచిలో ఉంటుంది. నిరుడు మా బడి పక్కింట్లో ఒకామె తిరిగొచ్చాక కార్డు తీసి చూపించింది. మొదటి వరసలో మూడు తేదీలు, ఆ తర్వాత అంతా తెలుపు. పుట్టగానే వేసిన సూది తర్వాత మిగతా మూడూ పడితేనే రక్షణ పూర్తవుతుంది. టీకాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే ప్రభుత్వ ఏర్పాటు యూ-విన్‌లో పేరు ఎక్కిన బిడ్డకు దేశంలో ఎక్కడైనా టీకా వేయాలి. మరి పోయే ముందు ఏ తల్లికీ ఆ మాట ఎందుకు చెప్పడం లేదు? సుగ్గి లారీలు ఎక్కే చోటే ఏఎన్ఎం, ఆశా కార్యకర్త నిలబడి పసిబిడ్డల పేర్లు రాసుకుని, వాళ్లు చేరే మండలానికి ఫోన్ చేసి చెప్పే ఏర్పాటు కావాలి. అక్కడి ఆరోగ్య సిబ్బంది చేల దగ్గరికి పోవాలి. కూలి పోగొట్టుకుని ఆ తల్లి పీహెచ్‌సీ వెతుక్కుంటూ రాదు.

5. తట్టా చెంబూ వేరు చేయడం. మా చెల్లెలికి అత్తగారింట్లో తట్ట, గ్లాసు, దుప్పటి వేరు చేశారు. వార్డులో ఎవరో అన్న మాట విని బిడ్డకు రెండు రోజులు తల్లిపాలు మాన్పించారు. మొదటి రెండు రోజుల ముర్రుపాలు! డబ్బాపాలు కలిపి పట్టాం. ఈ వైరస్ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు కాన్పులో వస్తుంది. ఒకే తట్టలో తింటే రాదు, చేయి పట్టుకుంటే రాదు, తల్లిపాలు ఆపాల్సిన పని లేదు. ఈ నాలుగు ముక్కలు కార్డు ఇచ్చేటప్పుడే భర్తనూ అత్తనూ కూర్చోబెట్టి చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు లేక మా చెల్లెలు ఆరు నెలలు పుట్టింట్లో ఉంది.

6. ఇంట్లో మిగతావాళ్లు. ఒకరికి పాజిటివ్ వస్తే తల్లి, తోబుట్టువులు, భర్త, పిల్లలు అందరికీ పరీక్ష చేయాలి, లేనివాళ్లకు మూడు డోసుల టీకా వేయాలి. మా అమ్మ కాగితాలు చూసిన రోజు ఎవరైనా ఈ ఒక్కమాట చెప్పి ఉంటే మా చెల్లెలు పదిహేనేళ్ల ముందే డాక్టరు దగ్గరికి పోయి ఉండేది. నాకు పరీక్షలో నెగటివ్ వచ్చింది, మూడు సూదులూ వేయించుకున్నాను, కానీ అది 2023లో. పసరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కలుషిత నీళ్ల వల్ల వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ‘ఎ’, ‘ఇ’ రకాలు, ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. అందుకే పసరు పనిచేసిందని జనం నమ్ముతారు, ఆ నమ్మకాన్ని తప్పుపట్టి లాభం లేదు. కానీ కళ్లు తెల్లబడినా హెపటైటిస్ బి లోపల ఉండిపోవచ్చు. పసరుకు పోయేవాళ్లు పోతారు. కామెర్లు వచ్చిన ప్రతి మనిషికీ ఒక్క రక్తపరీక్ష చేయించుకోమని గ్రామాల్లో టముకు వేయించండి. రాత్రి ఏ నొప్పి వచ్చినా మా పల్లెల్లో ముందు పోయేది ఆర్ఎంపీ దగ్గరికే. మంగలి షాపులో బ్లేడు, పచ్చబొట్టు సూది, ఆర్ఎంపీ సిరంజి ప్రతి మనిషికీ కొత్తది వాడాలని వాళ్లను పిలిచి చెప్పండి, బెదిరించకుండా.

7. ఆసుపత్రుల్లో రక్తం గుడ్డలు ఎత్తేవాళ్లు, కాన్పు గది కడిగేవాళ్లు, వాడిన సూదులు మోసేవాళ్లు ఎంతమంది మూడు డోసులు వేయించుకున్నారు? కాంట్రాక్టు మనుషులైనా సరే, అందరికీ వేయండి.

8. లెక్కలు బయటపెట్టండి. ప్రతి కార్డులో బిడ్డ పుట్టిన గంట, సూది వేసిన గంట పక్కపక్కన రాయాలి. ప్రతి నెలా ఒక్కో ఆసుపత్రిలో ఎన్ని కాన్పులయ్యాయి, అందులో 24 గంటల్లోపు హెపటైటిస్ బి సూది ఎంతమందికి పడింది, శని ఆదివారాల్లో పుట్టినవాళ్లలో ఎంతమందికి పడింది అనేది ఆసుపత్రి గోడ మీద రాయించండి. ప్రైవేటు నర్సింగ్ హోములు కూడా. టీకా వేశాం అనే లెక్క మీ దగ్గర ఉండొచ్చు, మా బిడ్డ కూడా ఆ లెక్కలో వేసినట్టే ఉంటాడు. గంట రాస్తేనే నిజం తెలుస్తుంది. 2030కి ఐదేళ్లలోపు పిల్లల్లో ఈ వైరస్ వెయ్యికి ఒకరికి మించకూడదని ప్రపంచ దేశాలన్నీ పెట్టుకున్న లక్ష్యం. అంతదూరం ఆలోచించే ముందు వచ్చే ఆదివారం సంగతి చూడమని అడుగుతున్నాను.

వీటిలో కొత్త మందు కావాలనేది ఒక్కటీ లేదు. కొత్త చట్టమూ అక్కర్లేదు. మొదటి అంశానికి కావాల్సింది ఒక చిన్న ఫ్రిజ్, ఒక తాళంచెవి, ఒక సర్క్యులర్. మొదట అదొక్కటి చేయండి. తక్కినవాటికి టైము పడుతుందంటే అర్థం చేసుకోగలను.

మా చెల్లెలి కొడుకు ఇప్పుడు అంగన్వాడీకి పోతున్నాడు. చక్కగా ఉన్నాడు, అన్నం తింటాడు, అల్లరి చేస్తాడు. ఆరు నెలలకోసారి రక్తపరీక్షకు తీసుకుపోతాం. సూది గుచ్చేటప్పుడు ఏడవడు, నా వేలు పట్టుకుని సిస్టర్ ముఖంలోకి చూస్తూ ఉంటాడు. వాడికి ఇది జీవితాంతం ఉంటుందని వాడికి ఎప్పుడు, ఎలా చెప్పాలో మాకు ఇంకా తెలియదు.

మా చెల్లెలికి మళ్లీ ఇప్పుడు ఎనిమిదో నెల. ఈసారి వైరల్ లోడ్ పరీక్ష చేయించాం. 28వ వారం నుంచి టెనోఫోవిర్ మాత్ర రోజూ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటోంది. డాక్టరమ్మ కార్డు మీద రాసిన కాన్పు తేదీని ఇంటికొచ్చి క్యాలెండర్లో చూసుకున్నాం. ఆదివారం పడింది.

"ఏం చేద్దాం అక్కా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ తేదీకి ముందే, సెలవు రోజుల్లో ఈ సూది ఎవరు వేస్తారో, ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కడ దొరుకుతుందో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా